కుక్క ఒంటి మీద చెయ్యి వెయ్యాలంటే
(భద్రాచలంలో గ్రామ పశు ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)



మేకలకు నట్టల మందు తాగించడం, కోళ్లకు కొక్కెర తెగులు టీకా వెయ్యడం మీకు నేర్పారు. కుక్క గురించి మాత్రం ఎవరూ నేర్పలేదు. గూడెంలో మేక దగ్గరకు వెళ్లాలంటే ముందు ఎదురొచ్చేది కుక్కే కదా! చేను కాసేది అదే, మగవాళ్లు కూలికి పోయిన రాత్రి ఇల్లు కాసేదీ అదే. అందరూ దాన్ని ఆయన కుక్క అంటారు గానీ గంజి పోసేది ఆవిడ. ఆ చాకిరీ కూడా లెక్కలోకి రాని ఇంటి చాకిరీలో కలిసిపోయింది.

ఇవ్వాళ మనం కుక్కకు దువ్వడం, కడగడం, గోమార్లు తీయడం నేర్చుకుంటాం. ఇది పట్నం షోకు కాదు. గోమార్ల వల్ల కుక్కలకు రక్తం తగ్గిపోయే జ్వరాలు వస్తాయి. పైగా రోజూ దువ్వే చేతికి పుండు, గడ్డ, నొప్పి ముందే తెలుస్తాయి.

మొదటి రోజు దువ్వెన బయటికి తియ్యకండి. తినే కుక్క, నిద్రపోయే కుక్క, పిల్లలు పెట్టిన కుక్క జోలికి అసలు పోవద్దు. యజమానురాలిని పక్కన ఉండమనండి. కుక్కకు ఎదురుగా కాక కొంచెం పక్కకు తిరిగి నిలబడండి, కళ్లలోకి గుచ్చి చూడకండి. చెయ్యి ముక్కు మీదకు చాపకుండా కిందికి వదిలెయ్యండి. అదే వచ్చి వాసన చూడాలి. వచ్చాక నెత్తి మీద కాదు, మెడ పక్కనో రొమ్ము మీదో ముట్టుకోండి. రెండు మూడుసార్లు నిమిరి చెయ్యి తీసెయ్యండి. మళ్లీ దగ్గరకు జరిగితే ఒప్పుకున్నట్టు, పక్కకు తప్పుకుంటే ఆ రోజుకు చాలు.

తోక ఊపితే మంచిదేనని అందరూ అంటారు. అది పూర్తి నిజం కాదు. తోక బిర్రుగా నిలిపి ఊపే కుక్క కరవవచ్చు. ఎండ లేకుండా, నిద్ర రాకుండా ఆవలిస్తున్నా, మాటిమాటికీ మూతి నాకుకుంటున్నా, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తున్నా, ఒళ్లు కర్రలా బిగిసినా చెయ్యి ఆపండి. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే తర్వాత చెప్పకుండా కరుస్తుంది.

పాదాలు, చెవులు, తోక చివరకు వదిలెయ్యండి. గోమారును చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని తిన్నగా లాగాలి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పుండు కడగాల్సివస్తే పాత చీర పీలికతో మూతి చుట్టి, గడ్డం కింద ముడి తిప్పి, చెవుల వెనక కట్టవచ్చు. కొద్ది నిమిషాలే సుమా! కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది, మన ఏప్రిల్ ఎండలో మూతి కట్టి వదిలేస్తే చస్తుంది. మోకాలితో అణిచిపెట్టి పని కానిచ్చే వాళ్లను నేను చూశాను, అది ధైర్యమని వాళ్ల అభిప్రాయం. ఆ కుక్క రెండోసారి ఎవరినీ దగ్గరకు రానివ్వదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇప్పపువ్వు ఏరడానికి చీకటితోనే లేచి నడిచే ఆడవాళ్లకు దారిలో కుక్క మీదికొస్తే పరుగెత్తొద్దు. కదలకుండా నిలబడి, చేతులు దించి, చూపు పక్కకు తిప్పాలి. పడిపోతే ముడుచుకుని మెడా చెవులూ కప్పుకోవాలి. ఉన్నట్టుండి స్వభావం మారి, చొంగ కారుస్తూ, తూలుతూ, మింగలేకపోతున్న కుక్కను ఎవరూ ముట్టుకోకూడదు.

కరిస్తే సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం వద్దు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 సూదులనే భయం ఇంకా ఉంది. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా మన దేశంలో 2004 తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజుల్లో చేతికే వేస్తారు. గాయం లోతైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వెయ్యాలి, అడిగి వేయించుకోండి. గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఈ టీకా వెయ్యవచ్చు, వెయ్యాలి కూడా. కడుపుతో ఉందని వెనక్కి పంపితే ఊరుకోవద్దు. జబ్బు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

2014లో మండలాలు ఇటూ అటూ అయ్యాక ఎటపాక ఆంధ్రలో, పక్కనే ఉన్న భద్రాచలం తెలంగాణలో ఉన్నాయి. కుక్కకు ఈ గీత తెలియదు, సూది వేసే గదికి తెలియనివ్వకూడదు. తేదీలు రాసిన చీటీ కొంగున కట్టుకోమని ప్రతి మనిషికీ చెప్పండి. ఒక్కో సూదికి ఒక కూలి పోతుంది, మూడో సూదికి మానేసేది అందుకే. దాన్ని నిర్లక్ష్యమని రాయకండి.

2023 కేంద్ర నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లూ టీకాలూ చేయించే బాధ్యత స్థానిక సంస్థలది, అంటే పంచాయతీది కూడా. గ్రామసభలో అడగండి. మీ కోసం మీరు అడగాల్సింది కూడా ఉంది. కుక్కలను పట్టే పని చేసేవాళ్లకు ముందస్తు టీకా ఉంటుంది. పశువైద్యులు వేయించుకుంటారు. గౌరవ వేతనంతో అదే పని చేసే మీకు ఎందుకు లేదు? టీకా, మందపాటి తోలు చేతొడుగులు ఇచ్చాకే కుక్కల పని చేస్తామని అర్జీలో రాద్దాం, నమూనా తయారుగా ఉంది.

టీ తాగాక బయటికి వెళ్దాం. ఇద్దరు అక్కలు తమ కుక్కలను తెచ్చారు, రెండింటికీ టీకాలయ్యాయి. మొదటి అరగంట చూడటమే, ఎవరూ ముట్టుకోవద్దు.