తాళము వేసిన యిండ్లకు కాపలా
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)

 

పాలమూరు పల్లెలలో పంట పనులు ముగిసిన పిమ్మట అనేక గృహములకు తాళములు పడుచుండుట మీ రెరిగినదే. కూలికై బొంబాయి, పూణె నగరములకు పోవు కుటుంబములు నెలల తరబడి తిరిగి రావు. నల్లగొండ ప్రాంతమున చెర్వుగట్టు జాతరకు, సూర్యాపేట చెంత రెండేండ్ల కొకసారి జరుగు పెద్దగట్టు జాతరకు, పాలమూరున కురుమూర్తి జాతరకు జనము తరలినపుడు వీధులకు వీధులే బోసిపోవును. ఎండకాలమున ఇంటివారు డాబాపై నిద్రించుచుండగా క్రింది గది దిక్కులేక యుండును. దొంగ కనిపెట్టుకొని యుండునది ఇట్టి సమయమునే. పోవు సొమ్ము ధనికుని లెక్కలో స్వల్పమే కావచ్చును. కాని అది బిడ్డ పెండ్లికని కూడబెట్టిన పుస్తె కావచ్చును, విత్తనములకని తెచ్చిన అప్పు కావచ్చును. అది పోయిన కుటుంబము మరి కొన్నేండ్లు వలస పోవలసినదే.

పూర్వము నిజాము కాలమున గ్రామమునందు మాలీ పటేలు, పట్వారీలతో పాటు పోలీసు పటేలు ఉండెడివాడు. అతని క్రింద కావలికారు రాత్రివేళ తిరుగుచుండెను. ఆ వ్యవస్థలో వెట్టి గలదు, దౌర్జన్యము గలదు. 1984 జనవరిలో పటేల్ పట్వారీ పద్ధతి రద్దయినందులకు చింతింప బనిలేదు. అయినను రాత్రి మేల్కొని యుండు కన్ను ఊరికి అవసరమన్న మాట మాత్రము నేటికిని సత్యము. ఆ కన్ను నేడు యంత్రరూపమున అంగడిలో లభించుచున్నది. దానిని ఎట్లు కొనవలెను, ఎట్లు వాడవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

మొదట తలుపు సంగతి చూతము. చెదలు పట్టిన చౌకట్టుకు ఎంత ఖరీదైన తాళము వేసినను ప్రయోజనము లేదు. కావున చౌకట్టు, గడియ, గొళ్లెము గట్టిపరచిన తరువాతనే యంత్రమును గూర్చి యోచింపవలెను. దీర్ఘకాలము ఊరు విడుచువారు బంగారమును ఇంట నుంచక బ్యాంకు లాకరులో పెట్టుట మేలు.

రెండవది అలారము. దీని పని అరచుట. అమెరికా దేశమున 1853వ సంవత్సరముననే అగస్టస్ పోప్ అను నతడు తలుపు తెరవగనే గంట మ్రోగు విద్యుత్ సాధనమునకు పేటెంటు పొందెను. నేటి అలారము సూత్రము కూడ ఇంచుమించు అదియే. తలుపు రెక్కకు చిన్న అయస్కాంతము, చౌకట్టుకు స్విచ్చి అమర్తురు. తలుపు తెరచినచో అయస్కాంతము దూరమై సైరన్ మ్రోగును. సిమ్ కార్డు గల పెట్టెయైనచో ముందుగా నమోదు చేసిన ఫోనులకు కబురు పోవును. మానవ శరీరపు వేడిని గుర్తించు మరియొక సాధనము గలదు. కాని అది శరీరపు వేడికిని పరిసరముల వేడికిని గల తేడాపై ఆధారపడి పనిచేయును. వేసవిలో రేకుల ఇంటి లోపల ఆ తేడా తగ్గుటచే అది మందగించును. అందుచే మన ప్రాంతమున తలుపు స్విచ్చినే ముఖ్యముగా నమ్ముకొనుట మంచిది.

మూడవది సి.సి. కెమెరా. న్యూయార్కు నగరమున మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు, వేళగాని వేళ ఒంటరిగా ఇంట నుండవలసి వచ్చి, భర్తతో కలసి తలుపు ముందరి మనిషిని లోపల తెరపై చూపు సాధనమును రూపొందించి 1969లో పేటెంటు పొందెను. కెమెరా దొంగను పట్టదు, ఆపదు. జరిగినదానిని జ్ఞాపకముంచుకొనును, అంతియే. ఆ జ్ఞాపకమునకు కూడ హద్దు గలదు. ఈ ఒక్క లెక్క దయచేసి వ్రాసికొనుడు. సెకనుకు 20 లక్షల బిట్లు నమోదుచేయు కెమెరా ఒకటి దినమునకు 21.6 గిగాబైట్లు నింపును. నాలుగు కెమెరాలు దినమునకు 86.4 గిగాబైట్లు నింపును. వేయి గిగాబైట్ల హార్డు డిస్కు 11 దినములలో నిండి, పాతదానిపై క్రొత్తది వ్రాసికొనును. బొంబాయి పోయిన కుటుంబము మూడు మాసములకు తిరిగివచ్చి దొంగతనము కనుగొనునాటికి ఆ రాత్రి దృశ్యము చెరిగిపోయి యుండును. 30 దినములు నిలువవలెనన్న సుమారు 2,600 గిగాబైట్ల చోటు కావలెను.

కావున పంచాయతీ చేయవలసిన మొదటి పని కెమెరా కొనుట కాదు, తాళము వేసిన యిండ్ల రిజిష్టరు పెట్టుట. పోవువారు తమ ఫోను నెంబరును, తిరిగివచ్చు కాలమును, పొరుగువాని పేరును అందులో వ్రాయింపవలెను. వార్డు సభ్యుడు వారమున కొకసారి తాళములు చూచి సంతకము చేయవలెను. డిస్కు 11 దినములు నిలుపునప్పుడు తనిఖీ ఏడు దినములకు జరిగినచో ఆధారము చేజారదు. అలారము కబురు యజమానికే గాక పొరుగువానికిని పోవునట్లు చేయవలెను. బొంబాయిలో ఫోను మ్రోగిన మాత్రమున మన వీధిలోనికి ఎవరును రారు గదా! ఆ రిజిష్టరు దొంగ చేతబడినచో అతనికి నిధి వంటిది. దానిని బీరువాలో తాళము వేసి యుంచవలెను. ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2017 ప్రాంతమున పట్టణములలో ప్రవేశపెట్టిన తాళమువేసిన యిండ్ల పర్యవేక్షణ పద్ధతియు ఇట్టిదే: యజమాని ముందుగా తెలిపినచో వారు కెమెరా అమర్చి, ఇంట అలికిడియైన వెంటనే కబురు తెలియునట్లు చేసిరి.

ఇక ఊరి కెమెరాలు. తెలంగాణ పోలీసు శాఖ "నేను సైతం" అను పేర విరాళములతో వీనిని ప్రోత్సహించినది. జాతీయ రహదారులు 44, 65 మన ప్రాంతముల గుండా పోవుచున్నందున, వాహనములపై వచ్చు దొంగ గంటలోపల జిల్లా దాటగలడు. అందుచే ఊరిలోనికి వచ్చు ప్రతి త్రోవ మొదట కెమెరా ఉండవలెను. సుమారు 10, 12 అడుగుల ఎత్తున, వాహనపు దీపము నేరుగా కంటబడకుండ అమర్చవలెను. వాహనపు నెంబరు చదువుటకు ఆ పనికై తగిన కెమెరా వేరుగా కావలెను. తీగలు గొట్టములలో పోనిచ్చినచో కోతుల బెడద తగ్గును. పిడుగుల నుండి రక్షణకు ఎర్తింగు తప్పనిసరి. దొంగకు కరెంటు పోయిన రాత్రియే అనుకూలము గనుక బ్యాటరీ అవసరము. సాలెగూళ్లు, దుమ్ము తుడుచుటకు ఒక మనిషిని నియమింపవలెను. ప్రారంభోత్సవమున పూలదండ వేయించుకొని ఆరు నెలలకే కన్నుమూసిన కెమెరాలు ఎన్నియో గలవు. కొనుబడి ధరతో పాటు ఐదేండ్ల మరమ్మతు ఖర్చును కూడ తీర్మానమున చూపవలెను. త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు నిర్దేశించిన నిధులను దీనికి మళ్ళింపరాదు.

యంత్రముతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. 2016లో ప్రపంచమంతట అట్లు మార్చని కెమెరాలను దుండగులు లోబరచుకొని, వానితోనే పెద్ద పెద్ద ఇంటర్నెట్ సేవలను స్తంభింపజేసిరి.

అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి. కెమెరా ఎవరిని చూచును? వ్యక్తి ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. స్నానపు చోట్ల వైపు, ఇండ్ల లోగిళ్ల వైపు కెమెరా త్రిప్పరాదు. ఏకాంతమున నున్న స్త్రీని చిత్రించుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. మొదటిసారికే ఏడాదికి తక్కువగాని, మూడేండ్ల వరకు గల జైలుశిక్ష పడును. ఒక వాడను అనుమానముతో చూచుటకు, మరియొక వాడను కాపాడుటకు కెమెరా పెట్టినచో ఊరు చీలిపోవును. దళితవాడలోని తాళమువేసిన గుడిసెకును, పెద్దబజారులోని మిద్దెకును ఒకే కాపలా ఉండవలెను. స్థలములను గ్రామసభలో అందరి యెదుట, ముఖ్యముగా స్త్రీల అభిప్రాయము తీసికొని నిర్ణయింపవలెను.

దృశ్యములు చూచు అధికారము ఎవరికి గలదో ముందే వ్రాసి యుంచవలెను. చూచిన ప్రతిసారి తేది, కారణము రిజిష్టరులో నమోదు కావలెను. వాట్సాప్‌లో పంచుట కూడదు. ముఖము అస్పష్టముగా కనబడిన అమాయకుని దొంగయని జనము కొట్టినచో ఆ పాపము ఎవరిది? దృశ్యమును పోలీసులకే అప్పగింపవలెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, కోర్టున అది చెల్లుటకు దానితో ధ్రువపత్రము జతపరుపవలెను.

సభ్యులారా! వచ్చే గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. ముందు రిజిష్టరు, పిదప అలారము, ఆ పిదప కెమెరా. యంత్రము అరచినపుడు లేచివచ్చు పొరుగువాడు లేనిచో ఆ అరపు అరణ్యరోదనమే యగును. పొట్టకూటికై దూరదేశము పోయిన మన ఊరివాడు, తన తాళమును తన ఊరే చూచుకొనుచున్నదను ధైర్యముతో అచ్చట నిద్రింపగలిగిననాడు మీ పంచాయతీ తన బాధ్యత నెరవేర్చినట్లగును.