రంగు మనది, ధర ఎవరిది?

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పసుపు లేని ఇల్లు తెలుగునాట లేదు. కూరలో చిటికెడు, గడపకు పూత, పెళ్లిలో పసుపుతాడు, దెబ్బ తగిలితే మందు. దాన్ని పండించేవాడి లెక్క మాత్రం ఏ ఏడూ తేలదు.

పసుపు మొక్క పూసినా విత్తనం కట్టదు. దుంపనే విత్తాలి. ఎకరానికి పది క్వింటాళ్ల దాకా విత్తనానికే పోతుంది. జూన్‌లో పెడితే తవ్వేది సంక్రాంతి దాటాకనే. నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు, మబ్బు పట్టితే ఆకుమచ్చ. తవ్వినాక కొమ్ము, మండ వేరుచేయాలి. ఆ పని ఎక్కువగా మన ఆడవాళ్లదే. ఆపైన ఉడకబెట్టాలి, రెండు వారాలు ఎండబెట్టాలి, డ్రమ్ములో పాలిష్ పట్టాలి. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే చేతికొచ్చేది సుమారు ఒక క్వింటా.

ఇక రంగు సంగతి. ఆ రంగు కుర్కుమిన్‌ది. బట్టకు అద్దితే పట్టుకుంటుంది, ఎండకు వెలుస్తుంది. సున్నం తగిలితే ఎర్రబారుతుంది, కుంకుమ చేసేదీ అట్లనే. మేఘాలయ లకడాంగ్ పసుపులో కుర్కుమిన్ ఏడు శాతం దాకా ఉంటుంది, మన రకాల్లో అంతకంటే తక్కువ. ఎంత ఉందో కంటికి తెలియదు, పరీక్షలోనే తెలుస్తుంది. యార్డులో మాత్రం కంటిచూపుతోనే ధర కడుతున్నారు.

కంటిచూపుతో ధర కట్టే చోట దొంగ రంగు పుడుతుంది. బంగ్లాదేశ్‌లో పసుపు మెరవాలని లెడ్ క్రోమేట్ పూశారు. అది సీసం, పిల్లల మెదడును దెబ్బతీసే విషం. 2019లో పరిశోధకులు దాన్ని బయటపెట్టారు. ప్రభుత్వం మార్కెట్లలో యంత్రాలతో తనిఖీ చేసి, జరిమానాలు వేసినాక కల్తీ బాగా తగ్గింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. ఈ బాధతోనే 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. దేశమంతా మనవైపు చూసింది. 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది. సంతోషమే. కానీ బోర్డు వచ్చినంత మాత్రాన మద్దతు ధర వచ్చినట్టు కాదు.

అందుకే మూడు అడుగుదాం. విత్తనం పెట్టకముందే మద్దతు ధర చెప్పాలి. యార్డులో తేమ, కుర్కుమిన్ ఉచితంగా కొలిచి, ఆ చీటీ రైతు చేతికిచ్చాకే వేలం పాడాలి. పొడి అమ్మే ప్రతి చోటా సీసం పరీక్ష జరగాలి.

ఒక్క మాట. పసుపు పుండ్లు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన శాస్త్రవేత్తలు పాత గ్రంథాలు చూపించాక 1997లో రద్దయింది. రాసి ఉన్న కాగితమే గెలిపించింది. మనమూ విత్తనం, కూలి, కట్టెలు, కిరాయి, తరుగు అన్నీ నోటుబుక్కులో రాద్దాం. వచ్చే నెల సమావేశానికి ఆ బుక్కులు తీసుకొని రండి. అధికారుల ముందు పెట్టేది మన గొంతు ఒక్కటే కాదు, మన లెక్క కూడా.