ఫోటోలో లేని సంగతులు



విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లు మాట్లాడితే ముందు ఫోటోలు చూపిస్తారు. మా దగ్గరా ఉన్నాయి, మంచులో నిలబడి నవ్వుతూ దిగినవి. ఆ రోజు పొద్దున మాలో ఒకడు బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాడు. అది ఫోటోలో లేదు. సంఘం పెద్దలు మాట్లాడమన్నప్పుడు, ఫోటోలో లేనిదే చెబుదామనుకున్నాం.

మేము ముగ్గురం, మూడు తండాల వాళ్లం. 2024 అక్టోబర్‌లో జర్మనీలో మాగ్డెబర్గ్ చేరాం. ఎల్బే నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ముగ్గురం గురుకులంలో చదివినవాళ్లమే. ఐదో తరగతి నుంచే ఇల్లు వదిలి ఉన్నాం కదా, మాకేం కష్టమనుకున్నాం. గురుకులంలో అన్నానికి గంట కొడతారు, నిద్రకు గంట కొడతారు, జ్వరమొస్తే వార్డెన్ సార్ చూస్తాడు. అక్కడ గంట ఉండదు. ఈ చిన్న తేడా తెలియడానికి మాకు రెండు నెలలు పట్టింది.

డబ్బు సంగతి ముందే చెప్పాలి. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొద్దిపాటి రుసుము కడితే చాలు. అది విని అంతా ఉచితమనుకోకండి. వీసాకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలి. మేము వెళ్లినప్పటి లెక్కలో దాదాపు 11 లక్షలు. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 992 యూరోలే బయటికి వస్తాయి. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షలు మంజూరైనా మొదటి విడత అక్కడ దిగినట్టు కాగితం చూపించాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాతే. అంటే బయల్దేరే ముందు పెట్టుబడి ఇంట్లోంచే రావాలి. మా బాపులు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. పది లక్షల మీద నెలకు 30,000 వడ్డీ. క్లాసులో కూర్చున్నా, బస్సులో కూర్చున్నా ఆ అంకె మా పక్కనే కూర్చునేది.

మేము దిగింది శనివారం రాత్రి. తెల్లారితే ఆదివారం. అక్కడ ఆదివారం దుకాణాలు మూసేస్తారన్న సంగతి ఎవరూ చెప్పలేదు. యాడి కట్టిచ్చిన సకినాలు, పల్లీలతో ఆ రోజు గడిచింది. మరుసటి ఆదివారం ఇంకో పాఠం. ఎల్లిపాయ కారం దంచుతుంటే కింది ఇంటి ముసలమ్మ వచ్చి తలుపు కొట్టింది. ఆదివారం చప్పుడు చేయకూడదట. మన తండాలో చప్పుడు లేదంటే ఎవరో పోయారని అర్థం, అక్కడ మాత్రం అది మర్యాద. తర్వాత ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో, ఖాళీ సీసాలు మెషీన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్ల దాకా ఎలా తిరిగొస్తాయో నేర్పింది కూడా ఆమే.

ఇల్లు దొరికిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్, ఒకే మాట. ఆ పేరు పలకడం వచ్చేసరికి మాకు సగం జర్మన్ వచ్చేసిందనిపించింది. తాత్కాలికంగా గది ఇచ్చినాయన ఆ కాగితం ఇవ్వనన్నాడు. అది లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే ట్యాక్స్ నంబర్ రాదు, ఆ నంబర్ లేకుండా పార్ట్‌టైం ఉద్యోగం దొరకడం కష్టం. అందుకే అద్దె మాట్లాడేటప్పుడు గది ఎంత పెద్దదని తర్వాత అడగండి, ఆ కాగితం ఇస్తారా అని ముందు అడగండి.

అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇక చీకటే. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికల్లా పొద్దు గూకుతుంది. మాలో ఒకడు అప్పుడే క్లాసులకు వెళ్లడం మానేశాడు. పగలు పడుకునేవాడు, రాత్రి ఫోన్ చూసేవాడు. యాడి ఫోన్ చేసి బాటి తిన్నావా అంటే తిన్నానని చెప్పేవాడు. తినలేదని మాకు తెలుసు. పరీక్షలు పోతే రెండో విడత రాదు, వడ్డీ ఆగదు. ఆ భయం వాడిని లేపలేదు, ఇంకా పడుకోబెట్టింది. మేమూ మొదట తిట్టాం, బద్ధకమన్నాం. అది మా తప్పు. చివరికి విద్యార్థుల కౌన్సెలింగ్ కేంద్రానికి చెరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాం. ఉచితమే, ఇంగ్లిష్‌లోనే మాట్లాడారు. నాలుగైదు సార్లు వెళ్లాక రెండు పరీక్షలకు కూర్చున్నాడు. ఒకటి పోయింది, ఒకటి నిలిచింది. ఇదంతా వాడే మీకు చెప్పమన్నాడు. ఇప్పుడు ఇక్కడే, మా పక్కనే ఉన్నాడు.

ఇంకొకటి ఉంది, చెప్పడానికి ఇబ్బందిగానే ఉంది. అక్కడి తెలుగు పిల్లలు మంచివాళ్లే, బియ్యం అప్పిస్తారు, గది చూపిస్తారు. కానీ రెండో మాటలోనే ఇంటిపేరు అడుగుతారు. చెప్పగానే మాట కొంచెం మారేది, లేదా మారినట్టు మాకే అనిపించేది. దాంతో మేము తండా అనడం మానేసి ఊరు అనడం మొదలుపెట్టాం. ఇంటికి ఫోన్ చేస్తే వంటింట్లోకి వెళ్లి గోర్‌బోలి మెల్లగా మాట్లాడేవాళ్లం. ఏ భాష అని అడిగితే హిందీ లాంటిదనేవాళ్లం.

జనవరిలో ప్రాంతీయ రైలెక్కి బెర్లిన్ వెళ్లాం. పార్లమెంట్ భవనం పక్కన ఒక గుండ్రటి నీటి కొలను ఉంది. నాజీలు చంపిన సింతీ, రోమా ప్రజల స్మారకం, 2012లో ప్రారంభించారు. మధ్యలో మూడు మూలల రాయి, దాని మీద రోజూ ఒక తాజా పువ్వు పెడతారు. వాళ్లూ మనమూ ఒక్కటేనని మన సభల్లో చెబుతుంటారు. అంత దూరం మేము పోము, దానికి రుజువు కావాలి. వాళ్ల భాష మన దేశం నుంచి వెళ్లిందన్నది మాత్రం భాషావేత్తలు ఒప్పుకున్న మాటే. అక్కడ కలిసిన ఒక రోమా పెద్దాయనను నీళ్లను ఏమంటారని అడిగాం. పానీ అన్నాడు. చేతివేళ్లు చూపిస్తూ లెక్కపెట్టాడు. దుయ్, త్రిన్ దాకా వచ్చేసరికి మేమూ ది, తీన్ అంటూ కలిశాం. బడిలో తన రోజుల్లో ఇంట్లో మాట్లాడే భాష ఏదో ఎవరికీ చెప్పేవాడు కాదట. ఎందుకని మేము అడగలేదు.

తిరుగు రైల్లో యాడికి ఫోన్ చేసి గోర్‌బోలిలో గట్టిగా మాట్లాడాం. ఎదురుగా కూర్చున్నామె మా వైపు చూసింది. భాషకు కాదు, చప్పుడుకు. ఆ రైళ్లలో అదీ కూడదు మరి.

ఈ అక్టోబర్‌లో వచ్చేవాళ్లు సంఘం ఆఫీసులో పేరు, రైలు సమయం రాసివ్వండి. జొన్నపిండి మోసుకురానక్కర్లేదు, ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. స్టేషన్‌కు ముగ్గురిలో ఒకరం తప్పకుండా వస్తాం. శనివారం రాత్రి దిగేవాళ్లకు ఆదివారానికి సరిపడా బాటి చేసి ఉంచుతాం.