పోటు రాకముందే పడక

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఈ రైల్వే కాలనీలో ఎన్నో ఇళ్లకు పురుడు పోసిన నర్సుగారి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసం ఇది. అందుకే ఆవిడ పనికి దగ్గరి ప్రశ్ననే ఎంచుకున్నాను. తుపాను రోజున నెలలు నిండిన మనిషి ఎక్కడుండాలి?

సముద్రం దూరం కదా అని గార్డెన్ రీచ్‌లో ధీమాగా ఉంటాం. కానీ 1864 అక్టోబరు 5 నాటి తుపానుకు హుగ్లీ ఉప్పొంగి రేవులోని ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. సుమారు 60,000 మంది చనిపోయారు. ఆ దెబ్బతోనే తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు కబురు రోజుల ముందే అందుతోంది. ఆ రోజుల్ని గర్భిణుల కోసం వాడుకుంటున్నామా?

అందరితో పాటు బడి గదికి తరలిస్తే సరిపోదు. గర్భిణుల్లో దాదాపు 15 శాతం మందికి డాక్టరు చెయ్యి పడాల్సిన చిక్కు వస్తుందని అంచనా. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. 2020 మే 20న అంఫన్ వచ్చినప్పుడు వేల చెట్లు కూలి కోల్‌కతా వీధులు మూసుకుపోయాయి, చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. నొప్పులు మొదలయ్యాక బయల్దేరదామంటే అలాంటి రాత్రి దారే ఉండదు.

ఒడిశా ఈ పాఠం నేర్చుకుంది. 2024 అక్టోబరులో దానా తుపానుకు ముందు 4,431 మంది గర్భిణులను ఆసుపత్రులకు చేర్చామనీ, వారిలో 1,600 మందికి కాన్పు అయిందనీ అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆంధ్రలోని మన సాలూరులోనూ కొండ ఊళ్ల గర్భిణులు ముందుగానే వచ్చి ఉండేందుకు వసతిగృహం పెట్టారు. డోలీ మోసే దారికైనా, నీట మునిగిన సందుకైనా పద్ధతి ఇదే. నొప్పుల కంటే ముందు పడక దగ్గరికి మనిషి చేరాలి.

పల్లెలో ఎవరికి ఏ నెలో ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. ఇక్కడ గార్డెన్ రీచ్‌లో అలా కాదు: అద్దె గదులు, మారే చిరునామాలు, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు. 2024 మార్చి 17 రాత్రి ఇక్కడే కడుతున్న భవనం కూలి పదిమందికి పైగా చనిపోయినప్పుడు, సహాయక బృందాలకు ఆ ఇరుకే పెద్ద అడ్డంకి. ఇరుకుకు తోడు నీటి చిక్కూ ఉంది: పోటు సమయంలో హుగ్లీ నీరు లోపలికి రాకుండా లాక్‌గేట్లు మూస్తారు. అప్పుడు వాననీరు బయటికి పోదు. 2025 సెప్టెంబరులో నగరంలో 24 గంటల్లో 251 మిల్లీమీటర్ల వాన పడి, నీళ్లలో నడిచినవాళ్లు కరెంటు షాకుకు బలయ్యారు. నిండు చూలాలిని ఆ నీళ్లలో నడిపించగలమా?

మన తెలుగువాళ్ల సంగతి మరీ ఆలోచించాలి. బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలం నుంచీ ఈ రైల్వే ఉత్తరాంధ్ర కుటుంబాలకు అన్నం పెట్టింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఇప్పటికీ ఉంది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి హౌరాలో రైలెక్కి పలాసలో దిగుతుంది. బాలాసోర్, భద్రక్, బరంపురం: తుపాను దారీ రైలు దారీ ఒకటే. దానా సమయంలో ఆగ్నేయ రైల్వే పెద్ద ఎత్తున రైళ్లు రద్దు చేసింది. తీరా చేరాక పలాస చుట్టూ ఉన్న ఉద్దానమూ తుపాను నేలే. 2018 అక్టోబరు 11న తిత్లీ కొట్టింది ఆ కొబ్బరి తోటలనే. ఇక్కడి వార్డు జాబితాలో ఊరెళ్లిందని కొట్టేస్తారు, అక్కడి జాబితాలో ఇంకా ఎక్కదు. ఆ నడిమి వారాల్లో ఆమె ఎవరి బాధ్యత? నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది ఇదే.

మన సంఘం ఈ పని ఇవాళే మొదలుపెట్టొచ్చు. తుపాన్లు ముసిరే కాలాలు రెండు, మే నెల చుట్టుపక్కల ఒకటి, అక్టోబరు, నవంబరు నెలల్లో మరొకటి. వాటికి ముందే సందు సందుకూ వెళ్లి, నెలలు నిండుతున్న ప్రతి ఆడమనిషి పేరు, కాన్పు తేదీ, రెండు చిరునామాలు, రక్తం గ్రూపు రాయాలి. ఆ కాగితం వార్డు ఆరోగ్య కార్యకర్తకూ, పుట్టింటి ఊరి ఆశాకూ అందాలి. వెంట ఎవరు వెళ్తారు, పెద్దపిల్లలను ఎవరు చూస్తారు అన్నవి ముందే తేలాలి. చాలామంది తల్లులు ఇల్లు కదలనిది ఆ పిల్లల కోసమే. పడక ఎక్కడ దొరుకుతుందో రైల్వే కేంద్ర ఆసుపత్రితోనూ, గార్డెన్ రీచ్ స్టేట్ జనరల్ ఆసుపత్రితోనూ ముందే మాట్లాడాలి.

ఇంకొకటి, బాస్కుల్ వంతెన. కిదిర్‌పూర్ డాకులోకి ఓడ వస్తే వంతెన లేస్తుంది, రోడ్డు ఆగిపోతుంది. తుపానుకు ముందు పోర్టు ఓడలను భద్రమైన చోటికి చేరుస్తుంది. మనం గర్భిణులను తరలించాల్సిందీ ఆ గంటల్లోనే. వంతెన ఎప్పుడు లేస్తుందో అంబులెన్సు డ్రైవరుకు ముందే తెలిసేలా పోర్టు అధికారులను అడగాలి. ఆ విన్నపం మీద సంతకాలు ఈ సభలోనే సేకరిద్దాం.