ఇంటి గదిలో సంగీతశాల
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



పులివెందుల నియోజకవర్గములోని చక్రాయపేట మండలమున సురభి అను గ్రామము కలదు. 1885లో వనారస గోవిందరావుగారి బృందము అచట 'కీచకవధ' నాటకమును ఆడినది. సురభి నాటక సమాజములకు అదియే పుట్టుక. తరువాతి కాలమున తెలుగు రంగస్థలముపై పద్యమునకు హార్మోనియము విడరాని తోడైనది. అది పరదేశమునుండి వచ్చిన వాద్యము. దానిపై గమకము పలుకదని 1940లో ఆకాశవాణి దానిని బహిష్కరించినది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. పల్లెలలోని భజనమందిరములు మాత్రము దానిని విడువలేదు. నేడు కంప్యూటరునకు తగిలించు కీబోర్డును గూర్చియు అదే ఆక్షేపణ వినవచ్చుచున్నది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పాట కట్టవలెనను ఉత్సాహము గల యువతీయువకులు ఉన్నారు. పూర్వము పాటను రికార్డు చేయింపదలచినవారు మద్రాసు పోవలసి వచ్చెడిది. ఆ మద్రాసులోనే 1989లో ఏ. ఆర్. రహమాన్ తన ఇంటియొద్ద స్టూడియో ఏర్పరచుకొనెను. 1992లో వచ్చిన 'రోజా' సంగీతముతో ఆయన పేరు దేశమంతట మారుమ్రోగినది. నాడు అట్టి సామగ్రికి పెద్ద ధనము కావలసి యుండెను. నేడు ఇంట నున్న కంప్యూటరుతోనే పని ఆరంభింపవచ్చును.

ఇందు మొదట తెలియదగిన సంగతి యొకటి కలదు. కంప్యూటరునకు తగిలించు చిన్న కీబోర్డులలో పెక్కింటికి స్వంత ధ్వని లేదు. ఏ మెట్టు నొక్కబడినది, ఎంత బలముగా నొక్కబడినది, ఎప్పుడు విడువబడినది అను వార్తను అంకెల రూపమున అది కంప్యూటరునకు పంపును. 1983లో వెలసిన ఈ సంకేతభాషకు 'మిడి' అని పేరు. అందు మధ్యస్థాయిలో ఒకటవ శ్రుతి షడ్జమమునకు 60 అని సంఖ్య. ఆ సంఖ్యను వీణగా పలికించుటయో, వేణువుగా పలికించుటయో కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు పని. కావున తప్పు పలికిన స్వరమును మరల వాయింపకయే దిద్దుకొనవచ్చును.

కొనుగోలుకు ఒక క్రమము పాటించుట మేలు. మొదట 49 లేక 61 మెట్ల కీబోర్డు, ఒక మంచి హెడ్‌ఫోను చాలును. 'ఎల్.ఎం.ఎం.ఎస్.', 'ఆడాసిటీ' వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితముగా లభించును. గాత్రము ఎక్కించు దశకు వచ్చిన పిదపనే మైకు, దానిని కంప్యూటరుతో కలుపు ఆడియో ఇంటర్‌ఫేసు కొనవలెను. అప్పు చేసి ఒక్కసారిగా అన్నియు కొన్న ఇంట, మూడు నెలలకే వాటిపై దుమ్ము పేరుకొనవచ్చును.

మెట్టు నొక్కిన కొంతసేపటికి ధ్వని వినవచ్చినచో వాయించువానికి తాళము తప్పును. సాఫ్ట్‌వేరులో 'బఫర్' అను అమరికను 1024 నుండి 128కి తగ్గించినచో, సెకనునకు 44,100 నమూనాల లెక్కన, అందలి జాప్యము 23 మిల్లీసెకనుల నుండి మూడింటికి దిగును.

గది సంగతియు ముఖ్యమే. ఈ జిల్లా యిండ్లలో నేలకు పరచిన నాపరాయి చల్లదన మిచ్చును గాని, ధ్వనిని తిప్పికొట్టును. మైకు ముందు పాడునపుడు నేలపై చాప, బొంత పరచి, పాడువారి వెనుక మరి రెండు బొంతలు వ్రేలాడదీసినచో ప్రతిధ్వని చాలవరకు తగ్గును. ఫ్యాను ఆపవలెను. కరెంటు పోవు భయమున్నచోట చేసిన పనిని మాటిమాటికి భద్రపరచుకొనవలెను.

ఇక సాధన. ఒకటవ శ్రుతిలో మాయామాళవగౌళ సరళీవరుసలు వాయించినచో స, గ, మ, ప, ని తెల్లమెట్లపైనను, రి, ధ నల్లమెట్లపైనను పడును. చాల కీబోర్డులకు ఎడమప్రక్కనున్న 'పిచ్ బెండ్' చక్రమును త్రిప్పి స్వరమును జార్చవచ్చును. గమకమునకు హార్మోనియమున లేని కొంత వెసులుబాటు ఇట దొరకును. కాని ఎంత జార్చవలెనో చక్రమునకు తెలియదు. అది గురుముఖమున విని నేర్చిన చెవికే తెలియును.

ఈ సామగ్రికి సినిమా పాటలను అనుకరించుటకంటె గొప్ప పని యొకటి వేచియున్నది. చెక్కభజన పాటలు, కోలాటపు పాటలు, నాటక పద్యపు వరుసలు వృద్ధుల కంఠములలో మాత్రమే మిగిలియున్న ఊళ్ళు కలవు. ఒక వృద్ధుడు కన్ను మూసినచో ఆయనతోడ ఒక వరుసయు మాయమగును. పుస్తకమున అక్షరము నిలుచును గాని రాగము నిలువదు. ఆ పెద్దల అనుమతితో వారి పాటలను రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి, ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి గ్రంథాలయమునను ఉంచవలెను. గ్రంథాలయపు బీరువాలో పుస్తకముల సరసన ఆ గొంతులకును చోటు కల్పించుట ఈ రజతోత్సవమునకు తగిన సంకల్పము.