వేళకందిన గ్రాసము



కఱవన్న మాట చెవి సోకినంతనే మన మనస్సునకు ఎండిన చెరువు, బీటలువాఱిన పొలము తోచును. నేడు నేను మంచువలన కలుగు కఱవును గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. ఇది మంగోలియా దేశపు సంచార పశుకాపరుల గాథ. ఆ యాపదను వారు ‘జుద్’ అందురు.

గొఱ్ఱెలు, మేకలు, ఆవులు, గుఱ్ఱములు, ఒంటెలు - ఈ యైదు జాతులే అచటి కాపరికి ఆస్తి. అతడు కంబళి గుడారమున కాపురముండి, ఋతువు ననుసరించి బీడు మార్చుచుండును. వేసవిలో వాన తప్పెనా, పసిరిక యెదుగదు. పశువునకు కండ పట్టదు. చలికాలమునకు గడ్డి నిలువ చేరదు. అటుపై శీతము సున్నకు దిగువ 40 డిగ్రీలవఱకు దిగుటయు కలదు. మంచు దట్టముగా పేరుకొన్న పచ్చిక మఱుగుపడును. ఒక్కొక్కప్పుడా మంచు కరగి, మరల గడ్డకట్టి, ఇనుపరేకువలె నేలను కప్పును. అడుగున మేత యున్నను పశువు నోటికందదు. మంచు బొత్తిగా పడకున్నను ముప్పే. చలికాలమున మంచు నాకి దప్పి తీర్చుకొను పశువులకు నీరు కరవగును.

2009-10 శీతకాలమున 80 లక్షలకు పైగా పశువులు ఇట్లు నశించెను. వేలకొలది కుటుంబములు మందలను సర్వమును కోలుపోయెను. జీవనము చెడినవారు పలువురు రాజధానియైన ఉలాన్‌బాతర్ పొలిమేరలకు చేరి గుడారములు వేసికొనిరి. 2010లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ పశుకళేబరములను పూడ్చు పనికి కాపరులనే నియమించి కూలి యిచ్చెను. అంటురోగముల భయము తగ్గినది. పేదల చేతికి రొక్కమందినది. అది మేలే. కాని తన మందను తానే పూడ్చినవాడు ఆ కూలితో మరల కాపరి యగుట యెట్లు?

ఈ ప్రశ్నయే సాయము చేయువారి త్రోవను మార్చినది. వేసవి వాన, పచ్చిక, రానున్న చలి - వీని లెక్కలనుబట్టి ఏ సీమకు ముప్పు కలదో తెలుపు పటమును అచటి వాతావరణ శాస్త్రజ్ఞులు సిద్ధపఱచిరి. 1939లో స్థాపితమైన మంగోలియా రెడ్‌క్రాస్ సంఘము 2017-18 శీతకాలమున ఆ పటము నాధారము చేసికొని, పశునష్టము ముదురకముందే సుమారు 2,000 కుటుంబములకు రొక్కమును, పశువుల మందుల పెట్టెలను అందజేసెను. రొక్కమే యేల? ఒకనికి గడ్డి కావలయును, ఒకనికి దాణా, వేఱొకనికి పొయిలోనికి బొగ్గు. తన యక్కఱ కాపరికే యెక్కువ తెలియును.

ఇంతమాత్రమున ఆపద తొలగెనని నేననను. 2023-24లో మరల 70 లక్షలకు పైగా పశువులు చచ్చెను. 1990 ప్రాంతమున రెండున్నర కోట్లుగా నున్న పశుసంఖ్య 2019 నాటికి 7 కోట్లకు పెరిగెను. మెత్తని బొచ్చునకు మంచి ధర రాగా మేకల మందలు హెచ్చినవి. బీడు మాత్రము హెచ్చలేదు. దాతృత్వము పశువును కొంతకాలము నిలుపగలదు. పచ్చికను కాపాడుకొనుట ఆ ప్రజలును ప్రభుత్వమును చేయవలసిన పని.

దూరదేశపు మాట మనకేల యందురా? మన గొల్లలును కురుమలును మెట్టసీమలనుండి మాగాణి పొలములకు మందలు తోలుకొని వచ్చుదురు. రైతు తన చేనిలో మంద కట్టించుకొని ఎరువు పొందును. ఇది యుభయులకును మేలైన బాంధవ్యము. అట్లయ్యు వాన తప్పిన యేట సాయపు పట్టికలు ఊరివారి పేళ్లతోనే నిండును. దారిన పోవు మందవానికి ఇంటి నంబరు లేదు. కనుక వాని పేరును లేదు.

పెద్దలారా! పట్టిక వ్రాయించునపుడు, మీ పొలిమేరలో విడిసిన మందల నొకసారి లెక్కింపుడు. వారి త్రోవలోని చెరువుకట్ట మేతను, తొట్టి నీటిని ముందే యేర్పఱుపుడు. చచ్చిన పశువునకు పరిహారము తెచ్చుటకంటె బ్రతికియున్న పశువునకు మోపెడు గడ్డి వేయుట సులభము.