జ్వరం తగ్గాక గుండెలో గడ్డ ఎందుకు?

(సిబ్బంది ఆరోగ్య సదస్సులో ఒక హృద్రోగ వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

గుండె గురించి మాట్లాడమన్నారు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ గురించి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మీరు శ్రద్ధగా వింటారు, బయటికెళ్లి మిర్చి బజ్జీ తింటారు. అందుకని ఈరోజు వేరే సంగతి చెబుతాను. వైరస్ వల్ల గుండె కండరానికి వచ్చే వాపు, అంటే మయోకార్డైటిస్.

ఆమధ్య 26 ఏళ్ల కుర్రాడొకడు ఛాతీ నొప్పితో వచ్చాడు. మీలాగే కౌంటర్లో కూర్చునేవాడు. వారం క్రితం జ్వరం, ఒళ్లు నొప్పులు. తగ్గీ తగ్గగానే డ్యూటీలో చేరి, ఆ సాయంత్రమే షటిల్ ఆడాడు. ఈసీజీ చూస్తే గుండెపోటులాగే ఉంది. రక్తంలో ట్రోపోనిన్ పెరిగింది. కానీ యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. వాచింది గుండె కండరమని ఎంఆర్ఐలో తేలింది. ఎకోలో మరొకటి కనిపించింది. గుండె ఎడమవైపు కింది గదిలో చిన్న రక్తపు గడ్డ.

"జ్వరానికీ గడ్డకీ ఏమిటండీ సంబంధం?" అని వాళ్ల నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న.

ఒక కారణం తేలికగానే అర్థమవుతుంది. వాచిన కండరం గట్టిగా పిండలేదు. కాలవలో పారకం మందగించిన చోట ఒండ్రు పేరుకున్నట్టు, నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం.

రెండోది ఇంకా లోతైనది. గుండెకు వాపు తెచ్చే వైరస్‌లలో కాక్సాకీ ఒకటి. 1948లో అమెరికాలోని కాక్సాకీ అనే ఊరి పిల్లల్లో బయటపడింది కాబట్టి ఆ పేరు. ఇలాంటి వైరస్ సోకినప్పుడు గడ్డకట్టే యంత్రాంగం కూడా మేలుకుంటుంది, థ్రాంబిన్ తయారవుతుంది. రక్తంలో దారాలల్లి గడ్డ కట్టించేది ఇదే. అయితే దీనికి రెండో సీటు ఇన్‌ఛార్జి కూడా ఉంది! కణాల మీద పార్-1 అనే గ్రాహకం ఉంటుంది. థ్రాంబిన్ దాన్ని తట్టి లేపితే, వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ ఎక్కువగా తయారవుతుంది.

2013లో వెలువడిన ఎలుకల పరిశోధనలో పార్-1 లేని ఎలుకలకు కాక్సాకీ బి3 ఎక్కిస్తే గుండె వాపు ఎక్కువైంది. థ్రాంబిన్‌ను ఆపే డాబిగాట్రాన్ ఇచ్చినా అంతే. చిత్రమేమిటంటే, అదే కుటుంబానికి చెందిన పార్-2 లేని ఎలుకల్లో వాపు తగ్గింది. అన్నదమ్ముల్లో ఒకడు కాపలా కాస్తే, ఇంకొకడు నిప్పు రాజేస్తున్నాడన్నమాట.

ఎలుకల్లో తేలినది మనుషులకు చీటీ రాయడానికి సరిపోదు. ఆ కుర్రాడికి రక్తం పలచబరిచే మందు ఇచ్చాం. గడ్డ కళ్లెదుటే ఉంది, ఆలోచించడానికి ఏముంది? కవాటం మార్పిడికో, గుండె లయ తప్పినందుకో ఇప్పటికే ఆ మందులు వాడుతున్నవారు జ్వరమొచ్చిందని సొంతంగా మానకండి. మిగతావాళ్లు "రక్తం పలచనైతే మంచిదేగా" అని పక్క సీటాయన ఇచ్చిన ఆస్పిరిన్ మింగకండి. మన దగ్గర వానాకాలపు జ్వరం డెంగీ కావచ్చు. అందులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆస్పిరిన్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఐబుప్రొఫెన్‌తోనూ అంతే.

జ్వరం తగ్గిన రోజుల్లో ఛాతీ నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది వచ్చినా వయసు చూసుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. గ్యాసేలే అనుకోకండి.

బ్రాంచి మేనేజర్లకు ఒక విన్నపం. మయోకార్డైటిస్ వచ్చినవారు సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆటలకూ, బరువు పనులకూ దూరంగా ఉండాలి. వాపు ఆరకముందే పరిగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు, అదే చిక్కు. మార్చి ముగింపు పనులున్నా సరే, సెలవు చీటీని అనుమానంగా చూడకండి.

మూడో నెల ఎకోలో మనవాడి గడ్డ కరిగిపోయింది, గుండె బలం పుంజుకుంది. ఆరో నెలలో మళ్లీ పరీక్షలు చేసి రాకెట్ పట్టుకోనిచ్చాం. మొదటి ఆటలో ఓడిపోయానని ఫోన్ చేసి చెప్పాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. బజ్జీల గురించైనా ఫర్వాలేదు.